రాజ్‌దూతు ఆవర్జా

మా అరుప్పుకోట్టై యింటి నడవలో ముప్పదిమూడేండ్లుగా ఒక మోటారు సైకిలు నిలిచి యున్నది. దాని పేరు రాజ్‌దూత్ 350. వీధిలోని కుర్రవాండ్రు 'ఆర్.డి.' అందురు, మా యింటివారు 'బండి' అని మాత్రమే యందురు. ఈ సంచికకు మన పండుగలను గూర్చియో, మన పూర్వులు ఉత్తరమునుండి ఈ నల్లరేగడి నేలకు దిగివచ్చిన కథను గూర్చియో వ్రాయగల పెద్దలు పలువురు కలరు. అంతటి పాండిత్యము మాకు లేదు. మాకు తెలిసినవి రెండు: నూలుమిల్లు కార్యాలయపు లెక్కలు, ఈ బండి. లెక్కలకు పదవీ విరమణతో సెలవు చెప్పితిమి. కావున మిగిలినదానిని గూర్చి వ్రాయుచున్నాము.

ఎరుగనివారి కొరకు దాని పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పవలెను. జపానులో యమహా కంపెనీవారు 1973లో ఆర్.డి. 350 అను బండిని వెలువరించిరి. ఎస్కార్ట్స్ కంపెనీవారు వారి అనుమతితో 1983 మొదలుకొని రాజ్‌దూత్ అను పేర దానిని మన దేశమున తయారుచేసిరి. రెండు సిలిండర్లు, 347 సి.సి., ఆరు గేర్లు. మొదట వచ్చిన రకమునకు ముప్పదిన్నర హార్సుపవరు బలము. ఆ దినములలో చెన్నపట్టణపు తిరువొత్తియూరులో తయారగుచుండిన బుల్లెట్ 350 బలము పదునెనిమిది మాత్రమే యనిన, భేదము పాఠకులకు తెలియును. నాలుగు స్ట్రోకుల యంత్రమున పెట్రోలు రెండు చుట్లకు ఒకమారు మండును. రెండు స్ట్రోకుల దీనియందు ప్రతి చుట్టునకును మండును. కావుననే ఆ బలము; కావుననే ఆ పొగయు, ఆ పెట్రోలు ఖర్చును. జపాను బండికి ముందు చక్రమున డిస్కు బ్రేకు ఉండగా, మన దేశపు బండికి డ్రమ్ము బ్రేకు వేసిరి. ఇంత పరుగునకు ఆ బ్రేకు చాలదని మా అభిప్రాయము. ఆర్.డి. అను అక్షరములకు కంపెనీవారి అర్థము 'రేస్ డెవలప్డ్' అని. కుర్రకారు పెట్టిన అర్థము 'ర్యాపిడ్ డెత్' అని. రెండును అబద్ధములు కావు.

1985లో హీరో హోండా వచ్చెను. లీటరునకు ఎనుబది కిలోమీటర్లను మాట విన్న జనులు దీనివంక చూచుట మానిరి. ఎస్కార్ట్స్ వారు బలమును ఇరువదియేడుకు తగ్గించి, పెట్రోలు కొంత తక్కువ త్రాగు రకమును తెచ్చిరి గాని లాభము లేకపోయెను. ఆ దశాబ్దము ముగియు వేళకు తయారీయే నిలిచిపోయెను.

మేము దీనిని మొదట చూచినది షోళవరమున. చెన్నపట్టణమునకు ఉత్తరమున నున్న ఆ పాత విమానరంగమున ఆ కాలమున మోటారు పందెములు జరుగుచుండెడివి. 1986లో మా మేనమామ కుమారునితో కలిసి పోయితిమి. చూచుటకంటె ముందు వింటిమి. నెమ్మదిగా నున్నంతసేపు ఆ యంత్రము నూనెలో ఆవాలు చిటపటలాడినట్లు పలుకును. చుట్లు నిమిషమునకు అయిదువేలు దాటగానే గొంతు మార్చి యొక్కమారుగా కేక వేయును. ఆ కేక మా చెవినుండి పోలేదు. గుమాస్తా జీతమునకు అది అందని పండని యెరిగియే యింటికి వచ్చితిమి.

అందనిది ఆరేండ్లలో అందుబాటునకు దిగివచ్చెను. తయారీ నిలిచిన బండి, మైలేజి లేని బండి, విడిభాగములు దొరకవను భయమున్న బండి. దానిని వదిలించుకొనువారే గాని కొనువారు లేరు. 1992లో మదురైలో ఒకరు విదేశమునకు పోవుచు, 1984లో తయారైన తమ బండిని పదునాలుగు వేలకు అమ్మజూపిరి. సంఘములో అప్పు తీసికొని కొంటిమి. మా నాయనగారు బండి చుట్టును ఒకమారు తిరిగి, "ఏనుగును కొన్నావు సరే, మేత ఎవరు వేస్తారురా?" అనిరి. ఇంటావిడ ఏమియు అనలేదు. పాలవాని లెక్క, కిరాణా లెక్క వ్రాసిన కాగితమును మా ముందుంచి లోపలికి పోయినది.

ఆ మేత లెక్క వ్రాయుటకే ఆవర్జా మొదలుపెట్టితిమి. బడిలో మేము చదివినది తమిళము. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు పలకమీద గాని పుస్తకమున గాని ఒక్క తెలుగు అక్షరము బడిలో వ్రాసి యెరుగము. మా తాతగారు సాయంకాలము అరుగుమీద పెద్దబాలశిక్ష ముందుంచుకొని మాకు ఓనమాలు దిద్దించిరి. మిల్లులో లెక్కలన్నియు ఇంగ్లీషున, నోటీసులు తమిళమున. తెలుగు వ్రాయుటకు మాకు వేరొక తావు లేకపోయెను. అందుచేత బండి లెక్క తెలుగున వ్రాసితిమి: తేది, తిరిగిన కిలోమీటర్లు, చేసిన పని, తెచ్చిన సామాను, అయిన ఖర్చు. ఇప్పటికి అట్టివి నాలుగు పుస్తకములు నిండినవి. డెబ్బదియొక్క వేల కిలోమీటర్లు తిరిగినది. ఖర్చు మొత్తము ఎంతయో కూడితిమి గాని ఇంటావిడ ఈ సంచికను చదివించుకొని వినును గనుక ఆ సంఖ్యను ఇచట వ్రాయుట లేదు.

యంత్రమును కొన్నంత మాత్రమున అది మనదగునా అను సందేహము వచ్చినప్పుడు మాకు జి. డి. నాయుడుగారు గుర్తునకు వత్తురు. కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామమున 1893లో ఒక తెలుగు రైతు కుటుంబమున పుట్టిన గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు యౌవనమున ఒక ఇంగ్లీషు రెవెన్యూ ఉద్యోగి రడ్జి మోటారు సైకిలుపై వచ్చుట చూచిరి. దానిపై మనసుపడి, కోయంబత్తూరులో ఒక హోటలున పనిచేసి, రూపాయి రూపాయి కూడబెట్టి, తుదకు అదే బండిని కొనిరి. కొని యేమి చేసిరి? ఎక్కి ఊరేగలేదు, మర మరయు విప్పి మరల బిగించిరి. పిమ్మట 1920లో పొల్లాచి, పళని నడుమ బస్సు నడిపినవారును, 1937లో బాలసుందరము నాయుడుగారితో కలిసి దేశమున మొట్టమొదట విద్యుత్ మోటారును తయారుచేసిన వారిలో ఒకరును ఆయనయే. 1974లో వారు గతించిరి. ఆయన ప్రజ్ఞతో మాకు పోలిక లేదు. అయినను విప్పి బిగించిన పిదపనే బండి మనదగునని ఆయన తీరు చూచి తెలిసికొంటిమి.

విప్పుట మాకు నేర్పినది మదురై రోడ్డులోని ఒక మేస్త్రీ. ఆయన తమిళుడు, మాకంటె పదునైదేండ్లు పెద్ద. మొదటి దినముననే, "బండిని వదిలి పొమ్మన్నచో పోవద్దు, ప్రక్కన కూర్చుండుము" అనెను. మా ఆదివారములు అట్లు గడచినవి.

ఈ బండికి కందెన నూనె వేరొక తొట్టిలో ఉండును. ఆటోల్యూబ్ అను చిన్న పంపు త్రాటిల్ తిప్పిన కొలదిని దానిని యంత్రమునకు అందించును. అది పిస్టనును తడిపి పెట్రోలుతో పాటు కాలిపోవును. పంపు మీద నమ్మకము లేక పలువురు దానిని ఊడబెరికి నూనెను పెట్రోలులోనే కలుపుచుందురు. మేస్త్రీ అందుకు ఒప్పుకొనడు. పంపు ఉండవలెను, వారమునకొకమారు దాని గొట్టములలో గాలిబుడగలున్నవేమో చూడవలెను అని ఆయన పట్టుదల. తరువాత పాయింట్లు. రెండు సిలిండర్లకు రెండు జతలు. పిస్టను పైకొసకు చేరుటకు రెండు మిల్లీమీటర్లు ఉండగా నిప్పురవ్వ పుట్టవలెను. ఇందుకు డయల్ గేజి అను పరికరము కలదు. మేస్త్రీ వద్ద అదియు ఉండెను గాని ఆయన నమ్మినది సిగరెట్టు కాగితమును. పాయింట్ల నడుమ ఆ పలుచని కాగితపు ముక్క నుంచి మెల్లగా లాగుచు యంత్రమును చేతితో తిప్పును. కాగితము జారిన క్షణముననే పాయింటు విడినదని గుర్తు. మేము నెలల తరబడి ఆ కాగితమును చింపుచునే యుంటిమి.

సైలెన్సర్ల సంగతి మన యూరివారికి నవ్వు తెప్పించును. నూనె కాలుటచేత వాని లోపలి గొట్టములకు నల్లని మసి గట్టిగా పేరుకొనును. పేరుకొన్నచో బండికి ఊపిరి యాడదు. కొందరు వానిని నిప్పులలో కాల్తురు. కాల్చిన రేకు పలుచబడును. నూలునకు రంగులద్దు మన యూరిలో కాస్టిక్ సోడాకు కరవు లేదు కదా! రంగుల కొట్టులో రెండు కిలోలు కొని, పాత ఇనుప డ్రమ్ములో నీట కలిపి, ఆ గొట్టములను రెండు దినములు నానబెట్టుదుము. మూడవనాడు మసి జావవలె కారిపోవును. చేతులకు రబ్బరు తొడుగులు, కండ్లకు అద్దములు తప్పనిసరి. ఆ నీరు చర్మమును కాల్చును. ఈ యుపాయము మేస్త్రీకి మేము చెప్పినది. ఆయనకు మేము నేర్పినది ఇదొక్కటియే.

1998వ సంవత్సరము జూన్ 14వ తేది ఆదివారము. కోవిల్‌పట్టిలో మా పినతండ్రిగారి యింట శుభకార్యము. పందలగుడి దాటి, ఎట్టయపురము దాటి పోవుచుండగా, మిట్టమధ్యాహ్నపు టెండలో యంత్రపు పలుకు హఠాత్తుగా బిగిసెను. క్లచ్చు పట్టుకొనుటకు అర క్షణము ఆలస్యమైనను వెనుక చక్రము బిగుసుకొని పడియుందుము. ఎడమ చేయి తనంత తానే క్లచ్చును నొక్కెను. బండి జారుచు పోయి ఆగెను. కుడి పిస్టను సిలిండరును పట్టినది. పిమ్మట విప్పి చూడగా, నూనె గొట్టమునకు బిగింపు లోపల, కంటికి కానరాని చోట, వెంట్రుకవాసి చీలిక.

ఆ చోట చెట్టు లేదు, కొట్టు లేదు. కనుచూపు మేర నల్లరేగడి. పొలము గట్టున వచ్చుచుండిన ఒక ముసలి రైతుతో తమిళమున మాటలాడితిమి. ఆయన మా మాట తీరు విని, "ఏ ఊరు నాయనా, మన తెలుగువాళ్లా?" అనెను. ఆ ప్రాంతమంతయు అట్టి యూళ్లే. కోవిల్‌పట్టి ప్రక్కనున్న ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌గారు తెలుగు ఇంటిభాషగా గల తమిళ రచయిత. 1976లో వెలువడిన తమ 'గోపల్ల గ్రామము' నవలలో ఈ తెలుగువారి వలసనే వ్రాసిరి. రైతు మమ్ము ఇంటికి తీసికొనిపోయి మజ్జిగ ఇచ్చెను. సాయంకాలము అగ్గిపెట్టెల ఖాళీ డబ్బాలతో పోవు లారీని ఆపి బండిని ఎక్కించెను. "ఇంత పెద్ద బండి ఎందుకు నాయనా, ఎద్దుల జత వచ్చుండునే" అని మాత్రము అనకుండలేకపోయెను.

సిలిండరును మరల తొలిపించుట మా యూరిలో చేయించలేదు. మేస్త్రీ మమ్ము రాజపాళయమునకు పంపెను. 1936లో పి. ఎ. సి. రామస్వామి రాజుగారు అచట నూలుమిల్లు స్థాపించిన నాటినుండి మిల్లుల వెంట లేతు పనివారును పెరిగిరి. రాజుల తెలుగు మన తెలుగు వలెనుండదు. కాని ఆ లేతు ముందర నిలబడి మిల్లీమీటరులో వందవ వంతును గూర్చి తెలుగున మాటలాడుకొనినది మా జీవితమున అదే మొదటిసారి. ఈ బండి సిలిండరు వ్యాసము కొత్తలో 64 మిల్లీమీటర్లు. అరిగినప్పుడెల్ల పావు మిల్లీమీటరు చొప్పున తొలిచి పెద్ద పిస్టను వేయవలెను. ఆనాటి గీతలు లోతుగా నుండుటచేత ఒక్కమారుగా 64.50కి పోవలసివచ్చెను. పిస్టనులు చెన్నపట్టణపు పుదుపేటలో దొరకినవి. 2014లో 64.75. ఇక 65 అను ఒక్క మెట్టు మిగిలినది. దానిపైన కొత్త స్లీవు వేయించవలసినదే. మా వయసును, ఆ మెట్టును ఒకటితో నొకటి పోల్చుకొని నవ్వుకొందుము.

2000లో సీసము కలిపిన పెట్రోలు దేశమంతట నిలిచిపోయినప్పుడు పాత బండ్లవారు కొందరు భయపడిరి. దీనికి నాలుగు స్ట్రోకుల బండ్లవంటి వాల్వులు లేవు గనుక బాధ కలుగలేదు. ఇథనాలు సంగతి అట్లు కాదు. ఇప్పుడు బంకులలో దొరకు పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు అదియే. అది నీటిని పీల్చును, పాత రబ్బరును ఉబ్బించును. నాలుగు దినములు బండి తీయమని తెలిసినచో కార్బొరేటర్ల గిన్నెలు ఖాళీ చేయుదుము. గొట్టములన్నియు కొత్తవి మార్చితిమి. పదునైదేండ్లు దాటిన బండికి అయిదేండ్లకొకమారు రిజిస్ట్రేషను పునరుద్ధరణ ఉండనే యున్నది. 2024లో చేయించితిమి. 2025లో ఇరువదేండ్లు దాటిన మోటారు సైకిళ్లకు ఆ రుసుము వేయి నుండి రెండు వేలాయెను. 2029లో మరల పోవలెను.

ఇవన్నియు డబ్బుతో తీరునవి. తీరనిది మేస్త్రీ మరణము. 2021లో ఆయన కాలము చేసెను. కడపటి యేండ్లలో చూపు మందగించినను, బండిని వీధి మలుపులో వినియే "ఎడమ కార్బొరేటరు వెనుకబడినది" అనెడివాడు. రెండును సమముగా లేచుచున్నవో లేదో ఒక్కొక్క పొగగొట్టము కొసకు అరచేయి పెట్టి ఊపిరి వేగము చూచి చెప్పెడివాడు. ఆయన కుమారులు సెల్‌ఫోను కొట్టు పెట్టుకొనిరి. అందులో తప్పు పట్టవలసినది లేదు. ఆయన చెప్పినది చెప్పినట్లు మా ఆవర్జాలో కలదు. తమిళమున చెప్పిన మాట, తెలుగు అక్షరములలో.

ఈ యేడు వేసవిలో బెంగుళూరు నుండి ఒక పెద్దమనిషి వచ్చెను. పాత బండ్లు సేకరించువాడు. మూడున్నర లక్షలు ఇచ్చెదననెను. అదే మాసమున మా మనుమరాలు, కుమార్తె కూతురు, విరుదునగరములో మెకానికల్ డిప్లొమా ముగించి, ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరుటకు దరఖాస్తు పెట్టి యుండెను. ఫీజు, హాస్టలు కలిపి మూడేండ్లకు అగు వ్యయము సరిగా ఆ మొత్తమే. ఇంటావిడ ఈమారు కాగితము పెట్టలేదు, నోటితోనే చెప్పినది: "ఏమండీ, దేవుడే పంపినట్టుంది. మీ మోకాలు కిక్కు కొట్టలేకుండా ఉంది. ఇంకెవరి కోసం ఆ బండి?" జవాబు చెప్పుటకు మాకు మాట లేకపోయెను.

వచ్చినాయన బండిని చూచి, ఆవర్జాలు అడిగెను. ఆయన పూర్వులు చిత్తూరు జిల్లావారట, తెలుగు చదువగలడు. నడవలో కూర్చుండి 1998 పుట తెరచి బిగ్గరగా చదివెను: కుడి పిస్టను పట్టినది, రైతు మజ్జిగ ఇచ్చెను, లారీకి నలుబది రూపాయలు. మా మనుమరాలు గుమ్మము వద్ద నిలిచి వినుచుండెను. ఆమె మాతో మాటలాడునది తెలుగే. అక్షరము మాత్రము ఎరుగదు. ఆయన పోయిన పిదప పుస్తకము తీసికొని త్రిప్పి త్రిప్పి చూచి, "తాతా, బయటాయన చదివినాడు, నాకు రాలేదే" అన్నది. "తమిళంలో వ్రాసి ఇయ్యనా?" అని అడిగితిమి. కొంచెము సేపు ఊరకుండి, "వద్దు, నేర్పియ్యి" అన్నది.

పెద్దబాలశిక్ష మా యింట ఇప్పుడు లేదు. ఆవర్జాయే వాచకమైనది. ఆమె మొదట నేర్చిన మాట అమ్మయు కాదు, ఆవుయు కాదు, 'క్లచ్చు కేబులు'. "తమిళంలో ఒక్క 'క' చాలు కదా, మనకు నాలుగెందుకు?" అని పోట్లాడును. 'ప' కును 'వ' కును ఇంకను తడబడును. అందుచేత ఒకనాడు పంపును వంపు అని చదివి, దేనిని వంచవలెనని మమ్మడిగినది. మా చేతివ్రాతయు అంత చక్కనిది కాదు. సిగరెట్టు కాగితమును మాత్రము మాకంటె త్వరగా పట్టుకొన్నది. మేము చింపినన్ని కాగితములు ఆమె చింపలేదు.

బండి అమ్మము అని బెంగుళూరువారికి తెలియజేసితిమి. మనసు మారినచో పిలువుడని ఆయన ఫోను నంబరు వదలిపోయెను. దానిని ఇంటావిడ పంచాంగములో దాచినది. మొదటి సంవత్సరపు ఫీజు మా ప్రావిడెంటు ఫండు డిపాజిటునుండి కట్టితిమి. తక్కిన రెండేండ్లకు పిల్ల బ్యాంకు అప్పు తీసికొనును. అప్పుతో చదివించి బండిని ఇంటనుంచుకొనుట ఏమి న్యాయమని ఇంటావిడ అడుగుచునే యున్నది. ఆమె లెక్క తప్పని మేము చెప్పజాలము. ఆ బండిపై కొట్టిన మొదటి కిక్కు నాడు మాత్రము ఆమెయు వాకిటికి వచ్చి నిలిచినది. తొమ్మిదవ కిక్కునకు యంత్రము పలికెను.

ఇప్పుడు క్రాంకు షాఫ్టు ఆయిల్ సీళ్లు గట్టిపడి గాలి పీల్చుచున్నవి. నెమ్మదిగా నున్నప్పుడు చుట్లు వాటంతట అవి పెరుగుటయే దానికి గుర్తు. మేస్త్రీ చెప్పిన ఆ మాట మూడవ పుస్తకమున కలదు, పిల్లయే వెదకి చూపినది. యంత్రమును రెండుగా విప్పవలెను. ఆమెకు సంక్రాంతి సెలవులు రాగానే మొదలుపెట్టుదము. సీళ్లు మదురై నుండి వచ్చినవి. గాస్కెట్లు ఇంకను రావలసి యున్నది.